ఊరు పెట్టిన బరువు

వైతోలు, సవాయీ దీవి
4 మార్చి 1996

చెల్లెలు మనాయాకు అక్క సులుఫైగా దీవెనలు.

ఆక్లాండ్‌లో నీ దగ్గర నుంచి క్షేమంగా చేరాను. విమానం దిగి, పడవెక్కి, బస్సులో ఎవరిదో పందిపిల్ల ఉన్న బుట్ట పక్కన కూర్చుని, సాయంత్రం ప్రార్థన వేళకి ఇంట్లో ఉన్నాను.

అక్కడి డాక్టరు వద్దనలేదు. దారి పొడుగునా ఆ ఒక్క సంగతే తలచుకుంటూ వచ్చాను. తమ్ముళ్ళలో ఒకడికి షుగరు, ఇంకొకడి రక్తం నీకు కలవలేదు. మిగిలింది నేను. నా రక్తం కలిసింది, నా రెండు కిడ్నీలూ బాగున్నాయి, ఒకటి నీకు ఇవ్వవచ్చునన్నాడు. కానీ నూట పద్దెనిమిది కిలోల మనిషిని బల్ల మీద పడుకోబెట్టి కొయ్యలేనన్నాడు. నవంబరుకల్లా వందకి దిగి రమ్మన్నాడు. పద్దెనిమిది కిలోలు. దేవుడు ఇంతకంటే పెద్ద కొండలు జరిపాడు.

మీ బావగారికి అంతా చెప్పాను. చదువుతున్న బైబిలు మూసి పక్కన పెట్టారు. తరువాత, "పాస్టరు ఇంట్లో ఉపవాసం కొత్త కాదుగా," అన్నారు. ఆయన సమ్మతి నాకు తెలిసింది.

ఏం తింటే బరువు దిగుతుందో నాకు తెలియదు. ఏం తింటే పెరుగుతుందో మాత్రం ఇక్కడ అందరికీ తెలుసు. నువ్వు పట్నంలో ఉన్నావు, కనుక్కుని రాయి.

అక్క

* * *

మాంగెరె, ఆక్లాండ్
19 మార్చి

అక్కా,

నీ ఉత్తరం నేను మూడుసార్లు చదువుకున్నాను. మా ఆయన పేని ఒకసారి పైకి చదివాడు, సగంలో ఆపి గ్యారేజీలో ఏదో పనుందని వెళ్ళిపోయాడు. అక్కడ ఏ పనీ లేదు.

రక్తం కడిగే మిషను దగ్గర వారానికి మూడు రోజులు, పూటకి అయిదు గంటలు కుర్చీలో కూర్చుంటాను కదా, నా పక్క కుర్చీ ముసలావిడ దగ్గర ఆడవాళ్ళ పత్రికలు బోలెడు. అందులో దొరికింది నీక్కావలసినది. మెటబాలిజం అని ఒకటుందట. అంటే కడుపులో కుంపటి అన్నమాట. కొందరికి అది భగభగ మండుతుంది, మన వంశంలో మాత్రం పొగ తప్ప ఏమీ రాదు. దాన్ని రాజేసే తిండి ఇదీ: పచ్చిమిరపకాయలు, అల్లం, గ్రీన్ టీ, చక్కెర లేని కాఫీ, గుడ్లు, చేపలు, చిక్కుడు గింజలు, నిమ్మరసం. పత్రిక చింపి ఇందులోనే పెట్టాను, ముసలావిడ నిద్రపోతుండగా. నర్సుని అడిగితే, "సాయపడవచ్చు," అంది. "పడవచ్చు" అన్నచోట కొంచెం ఎక్కువసేపు ఆగింది.

ఒక్క మాట, అక్కా. మీ ఊళ్ళో ఎవరికీ చెప్పకు. ఆ పోస్టాఫీసు ఫోనులో తుమ్మినా చర్చి గంట కొట్టినట్టే, అందుకే ఉత్తరాలు రాస్తున్నాను. నా కిడ్నీలు ఆదివారం ప్రార్థన మనవుల్లోకి ఎక్కడం నాకిష్టం లేదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. నిన్ను కోస్తారని తెలిస్తే వాళ్ళు నిన్ను పడవ ఎక్కనివ్వరు. వాళ్ళకి నువ్వు నా అక్కవి కాదు, వాళ్ళ అమ్మగారివి.

ప్రమాణం చెయ్యి. ప్రమాణం చెయ్యకూడదని బావగారు అంటే, తల ఊపు చాలు.

నీ మనాయా

* * *

వైతోలు
12 మే

మనాయాకు,

తల ఊపాను. ఎవరికీ చెప్పలేదు.

గ్రీన్ టీ ఇక్కడ లేదు. నిమ్మగడ్డి కాచుకుని తాగుతున్నాను. అల్లం మన పెరట్లోదే. కోకోలో చక్కెర మానేశాను, మొదటివారం మందులా మింగాను, ఇప్పుడు దాని చేదులోనూ ఒక రుచి తెలుస్తోంది. మిరపకాయ మాత్రం కష్టంగా ఉంది. మన నాలుకలు దానికి పుట్టినవి కావు. పోయిన నెల ఒక బుధవారం స్త్రీల కూడికకి ముందు రెండు కాయలు చేపతో నమిలాను. ప్రార్థన మొదలుపెట్టగానే కళ్ళూ ముక్కూ ధారలు కట్టాయి. ఆపుదామంటే ఆగలేదు. ఆడవాళ్ళంతా తలలు వంచుకుని నాతోపాటు ఏడ్చారు. సంఘానికి మేలే జరిగి ఉంటుంది.

ఇక్కడి సంగతి నీకు తెలుసు. మా ఇంట్లో పొయ్యి పేరుకే. రోజుకొక ఇంటివారు వంతు వేసుకుని పళ్ళాలు పంపుతారు. చేమదుంపలు, సీమపనస, కొబ్బరిపాలు పోసి చేమాకుల్లో చుట్టి కాల్చిన పలుసామి, డబ్బా మాంసం, టర్కీ తోకలు. ఆదివారమైతే పళ్ళాల మీద పళ్ళాలు. ఎదురుగా ఉంటే చెయ్యి ఆగదు. అందుకని మీ బావగారికి సరిపడా ఉంచుకుని, మిగిలిన పళ్ళాలు మూత తీయకుండానే తిరిగి పంపిస్తున్నాను. తిండి పాడు చేయడం కంటే నయం కదా.

ఆసుపత్రి కాటా మీద నూట పదమూడు. స్తోత్రం.

అక్క

* * *

ఆక్లాండ్
20 జూన్

అక్కా,

అయిదు కిలోలు. వాకిట్లో నిలబడి పక్కింటి టోంగా ఆవిడకి చెప్పాను. ఆవిడ, "పాపం, ఏం జబ్బు?" అంది. ఈ మహాసముద్రంలో సన్నబడిన మనిషికి శుభాకాంక్షలు చెప్పే దీవి ఒక్కటీ లేదు కాబోలు.

నువ్వు మిరపకాయ తిని ప్రార్థన చేశావని చదివి నవ్వితే మిషను గొట్టం కదిలి అలారం మోగింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. నీ వల్ల నాకు చీవాట్లు పడ్డాయి.

నా సంగతి ఏముంది, అలవాటైపోయింది. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, బస్సులో రాస్తున్నాను.

మనాయా

* * *

వైతోలు
28 జూలై

మనాయాకు,

నూట పద్నాలుగు. దిగినది మళ్ళీ ఒకటి ఎక్కింది.

ఎందుకో అర్థం కావడం లేదు గాని, పళ్ళాలు రెట్టింపయ్యాయి. ఒక వంతు రావలసిన రోజున మూడు ఇళ్ళ నుంచి వస్తున్నాయి. నిన్న మా సంఘంలోని నాతాయీ వాళ్ళు కాల్చిన పంది తల పంపారు, పెళ్ళికి పంపినట్టు. పళ్ళెం పట్టుకొచ్చిన పిల్ల గుమ్మంలో నిలబడి నేను మూత తీసేదాకా కదల్లేదు. తిన్నాను. ఆ పిల్ల ముఖం చూసి తినకుండా ఉండలేకపోయాను.

చర్చిలో ఆడవాళ్ళు నా వైపు చూడడం లేదు. చూసినప్పుడు కళ్ళు దించుకుంటున్నారు. మీ బావగారు చర్చి మహాసభ కోసం అపియా పట్నం వెళ్ళారు, అడగడానికి ఇంట్లో లేరు.

నవంబరుకి నాలుగు నెలలు లేవు. ప్రార్థించు.

అక్క

* * *

ఆక్లాండ్
15 ఆగస్టు

అక్కా,

ఇది కూర్చుని నిదానంగా రాస్తున్నాను, బస్సులో కాదు. జూన్ ఉత్తరం కూడా బస్సులో రాసింది కాదు. ఆసుపత్రి మంచం మీద రాశాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, తొమ్మిది రోజులు ఉంచారు. నీకు చెప్పొద్దని పేనితో ఒట్టు వేయించుకున్నాను. చెబితే నువ్వు తిండి పూర్తిగా మానేస్తావని భయపడ్డాను. నువ్వు అంత పనీ చేస్తావు.

ఆ మంచం మీద చాలా ఆలోచించాను. యాభై మూడేళ్ళ మనిషివి, ఊరంతా పెట్టే తిండి ముందు కూర్చుని నోరు కట్టుకుంటున్నావు. ఎవరికీ చెప్పుకోను కూడా లేదు, చెప్పొద్దన్నది నేనే. పోనీ బరువు దిగావే అనుకో, కోసేటప్పుడు నీకేమైనా అయితే? అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నా జడ వేసింది నువ్వు, నా స్కూలు గౌను కుట్టింది నువ్వు. నిన్ను తీసుకుని బతికితే ఆ బతుకు నేనేం చేసుకోను?

మొన్న సోమవారం ఆసుపత్రికి వెళ్ళి, మా అక్క పేరు కొట్టెయ్యండి అని చెప్పేశాను.

నాకు బతకాలని లేదని అనుకోకు. చాలా ఉంది. అందుకే ఇంత ఆలస్యంగా చెప్పాను.

కోప్పడకు. పలుసామి తిను.

నీ మనాయా

* * *

వైతోలు
2 సెప్టెంబరు

మనాయాకు,

నీ ఉత్తరం అందింది. జవాబు చివర రాస్తాను. ముందు ఇక్కడ జరిగింది విను.

పోయిన గురువారం తెల్లవారుతుండగా ప్రార్థనకి లేచి తెర ఎత్తాను. ఇంటి ముందు గడ్డిలో అయిదుగురు ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నారు, తలల మీదుగా మేలుచాప కప్పుకుని. చినుకు పడుతోంది. ఎంతసేపటి నుంచి ఉన్నారో, చాప తడిసి బరువెక్కింది.

చిన్నప్పుడు మనం ఒకసారి చూశాం, నీకు గుర్తుందో లేదో. లారీ కింద పిల్లవాడు పోయినప్పుడు ఆ లారీ వాళ్ళ కుటుంబం అలా వచ్చి కూర్చుంది. ఇంటివాళ్ళు బయటికొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే వాళ్ళు ఎండలో అలా ఉండవలసిందే. ప్రాణం పోయినచోట చేసే పని అది. మా వాకిట్లో ఎవరి ప్రాణం పోయిందని?

చెప్పులు లేకుండా పరుగెత్తి చాప ఎత్తాను. మధ్యలో ఉన్నది స్త్రీల సంఘం పెద్ద, తౌసలా. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. మోకాళ్ళ మీద ఉంది. ఆమె తల ఎత్తకుండానే, "అమ్మగారూ, మా తప్పు మన్నించండి. మా పళ్ళెం ముట్టకండి, అది న్యాయమే. కానీ ఊరు విడిచి వెళ్ళకండి," అంది.

లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, కోకో కాచి ఇచ్చి, మెల్లగా అడిగితే సంగతి బయటపడింది. ఏప్రిల్‌లో ఆదివారం వంతు గురించి ఇద్దరు ఆడవాళ్ళు గొడవపడ్డారట. ఒకరి వంట ఒకరు ఎగతాళి చేసుకున్నారట. నాకు ఆ కబురే తెలియదు. ఆ వారం నుంచే నా దగ్గర నుంచి పళ్ళాలు మూత తీయకుండా తిరిగి వెళ్ళడం మొదలయింది. ఆ బుధవారమే నేను ప్రార్థనలో ఏడ్చాను. వాళ్ళు రెండూ కలుపుకున్నారు. అమ్మగారి మనసు విరిగింది, ఈ సంఘం తిండి ఆమెకి అక్కర్లేదు, అయ్యగారు అపియా వెళ్ళింది వేరే ఊరికి బదిలీ అడగడానికే అని తీర్మానించుకున్నారు. అందుకే పళ్ళాలు రెట్టించారు. నేను చిక్కుతున్న కొద్దీ నా కోపం ముదురుతోందనుకున్నారు.

ముప్పై ఏళ్ళుగా పాస్టరు భార్యగా ఉన్నాను. మూత తీయని పళ్ళెం తిప్పి పంపడమంటే ఏమిటో నాకు తెలిసి ఉండాలి. ఒక ముద్ద తీసుకుని మిగతాది పిల్లలకి పంచి ఉంటే సరిపోయేది. తప్పు వాళ్ళది కాదు, నాది. ఆ మాట చెప్పాను. అయితే మరి ఎందుకు తిప్పి పంపారు, అని అడిగింది తౌసలా.

నీకు ఊపిన తల గుర్తొచ్చింది. కానీ ఆమె జుట్టులోంచి వాన నీళ్ళు నా చాప మీద కారుతున్నాయి, మనాయా. అబద్ధం చెప్పలేకపోయాను, ఊరుకోలేకపోయాను. అంతా చెప్పేశాను. నీ జబ్బు, నా కిడ్నీ, పద్దెనిమిది కిలోలు, నవంబరు.

 నువ్వు అన్నట్టే, నన్ను వెళ్ళనివ్వరని అనుకున్నాను. తౌసలా నన్ను పైనుంచి కింద దాకా చూసింది, చేమమడిని చూసినట్టు.

"అమ్మగారూ, మీరు ఈ ఊరు వచ్చినప్పుడు సన్నగా ఉండేవారు. పదహారేళ్ళు మేము వండి పెట్టాం. మీ ఒంటి మీద ఉన్న ఆ బరువు మాది. మేము పెట్టిందే, మేమే దించుతాం. చెల్లెలికి ఇచ్చేది మాత్రం మీదే, దానికి మేమెవరం అడ్డు రావడానికి," అంది.

నేను ఏడ్చాను. ఆ రోజు మిరపకాయ తినలేదు.

తరువాత నీ పత్రిక కాగితం అడిగి తీసుకుని పైకి చదివించారు. ప్రతిదానికీ చర్చ. చేప ఉంది, గుడ్డు ఉంది, అల్లం ఉంది. గ్రీన్ టీ దగ్గర ఆగారు. నారింజాకు కూడా పచ్చగానే ఉంటుంది కదా అంది ఒకామె, సరే అని రాసుకున్నారు. కొబ్బరిపాలు మానెయ్యాలన్నప్పుడు మాత్రం ఇంట్లో శవం ఉన్నట్టు తలలు వంచుకున్నారు. చివరికి తౌసలాయే, "నవంబరు దాకా," అని తీర్పు చెప్పింది.

ఆసుపత్రి నర్సుని కూడా పిలిపించారు. ఆ అమ్మాయి ఉన్నమాట చెప్పింది. ఈ కారాలూ టీలూ రవ్వంత సాయం చేస్తే చెయ్యవచ్చట, బండి లాగేవి మాత్రం చిన్న పళ్ళెమూ కాళ్ళూనట. దాంతో మరునాటి నుంచి తెల్లవారగానే పదిమంది వచ్చి నన్ను రేవు చివరి దాకా నడిపిస్తున్నారు, కీర్తనలు పాడుతూ. వెనకబడితే తౌసలా చేతికర్రతో గొడ్డుని తోలినట్టు తోలుతోంది. పళ్ళాలు ఇప్పుడూ వస్తున్నాయి. ఒక కాల్చిన చేప, ఆకుకూర, పిడికెడంత చేమదుంప, ఒక బొప్పాయి ముక్క. ఎవరింట్లో పెద్ద దుంప పెట్టారో మరునాడు నడకలో విచారణ జరుగుతుంది.

నాలుగు రోజులే అయింది. కానీ మార్చి నుంచి నా గుండెల మీద ఉన్నదేదో దిగిపోయింది. అది కాటాకి తెలియదు.

ఇక నీకు జవాబు. నీ జడ వేసిన చేతితోనే రాస్తున్నాను. ఆసుపత్రికి వెళ్ళు. పేరు కొట్టెయ్యమన్న నోటితోనే మళ్ళీ రాయమని చెప్పు. ఇచ్చేది నేను. వద్దనే హక్కు డాక్టరుకి ఉంది, దేవుడికి ఉంది. నీకు లేదు.

నీ మాట దాటినందుకు మన్నించు. చాప ఏదీ కప్పుకోలేను, సముద్రం అడ్డు.

అక్క

* * *

ఆక్లాండ్
23 సెప్టెంబరు

అక్కా,

వెళ్ళాను. పేరు మళ్ళీ రాయమని అడగడానికి నాలుగు వాక్యాలు బట్టీపట్టుకుని వెళ్ళాను. అక్కడి ఆవిడ ఫైలు తీసి, కళ్ళద్దాల మీద నుంచి చూసి, "మీ అక్క పేరు కొట్టెయ్యడం మీ చేతుల్లో లేదమ్మా. ఆవిడ వద్దంటేనే తీస్తాం. నేను అసలు ముట్టుకోలేదు," అంది. ఆవిడా నువ్వూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు.

కారులోకి వచ్చి చాలాసేపు కూర్చున్నాను. నా మాట ఎవరూ లెక్కచెయ్యలేదని తెలిసి ఇంత హాయిగా ఉండడం ఇదే మొదలు.

కోపం లేదు. మీ ఊళ్ళో అందరికీ తెలిసిపోయిందని మొదట సిగ్గుపడ్డాను. తరువాత తౌసలా పెద్దమ్మ అన్న మాట పేనికి చదివి వినిపించాను. ఈసారి గ్యారేజీకి వెళ్ళలేదు, అక్కడే కూర్చుని ఏడ్చాడు. పెద్దమ్మకి నా నమస్కారాలు. కర్ర కొంచెం నెమ్మదిగా వాడమను.

కోసేటప్పుడు నీకేమవుతుందోనని భయమేసిందన్నాను కదా. ఇప్పుడూ వేస్తోంది. కానీ ఒక్కదాన్నే పడడం లేదు.

మనాయా

* * *

వైతోలు
17 నవంబరు

మనాయాకు,

నిన్న తూచారు. తొంభై తొమ్మిదిన్నర. నర్సు నమ్మక దిగి మళ్ళీ ఎక్కమంది. కిటికీల నిండా ముఖాలే. నాతోపాటు నడిచినవాళ్ళు నలుగురు వాళ్ళూ ఎక్కుతామని వరుస కట్టారు. ఒకామె షుగరు కూడా దిగిందట.

బుధవారం విమానం. మీ బావగారు వస్తున్నారు. చర్చికి వేసుకునే తెల్లగౌన్లన్నీ నాకు వదులయ్యాయి, ఉన్నవాటికే కుట్లు వేసుకుని వస్తాను. ఏమీ కొనవద్దు.

అక్క

* * *

ఆసుపత్రి, నాలుగో వార్డు
5 డిసెంబరు, పొద్దున

మనాయాకు,

ఈ చీటీ నర్సు చేత పంపుతున్నాను. నిన్న కోశారు. నేను బాగున్నాను. నవ్వితే కుట్లు లాగుతున్నాయి, కాబట్టి తమాషాగా ఏమీ రాయకు.

నిన్ను చూసి వచ్చి మీ బావగారు ఏమీ చెప్పడం లేదు. నిద్రపోతోందంటున్నారు. ఆయన ముఖం నాకు తెలుసు. దాచకుండా రాయి.

అక్క

* * *

ఆరో వార్డు
5 డిసెంబరు, మధ్యాహ్నం

అక్కా,

బావగారు చెప్పలేకపోయింది ఎందుకంటే, చెప్పవలసిన మాట పాస్టరు నోట పలికేది కాదు. రాత్రంతా మూత్రం గొట్టం ఎండిపోయి ఉంది. డాక్టర్లు వచ్చి చూసి, చూసి, పోతున్నారు. పొద్దున పదింటికి నర్సు దుప్పటి పక్కకి జరిపి సంచీ చూసి, కేకేసి ఇంకొకామెను పిలిచింది. ఇద్దరూ పట్టుకుని వెలుతురులో చూశారు.

నీది పనిచేస్తోంది అక్కా. రెండేళ్ళ తరువాత మొదటిసారి. సంచీ నిండింది, మార్చారు, మళ్ళీ నిండుతోంది. డాక్టరు చూసి ఈల వేశాడు.

మనాయా

* * *

నాలుగో వార్డు
సాయంత్రం

మనాయాకు,

నీ చీటీ మీ బావగారి చేత పైకి చదివించుకున్నాను. ఆయన తలుపు వేసి వచ్చి చదివారు.

చేపలకి, వానకి, పంటకి, పిల్లలకి దేవుడికి స్తోత్రం చెప్పాను. ఉచ్చకి చెప్పడం ఇదే మొదలు. మోకాళ్ళ మీద చెప్పవలసింది, కుట్లు ఒప్పుకోలేదు, పడుకునే చెప్పాను. ఆయన ఆమేన్ అన్నారు.

ఇక నిద్రపోతాను.

అక్క